పీల్, లేజర్, సూదులు: ముఖం మీద మచ్చలకూ గుంటలకూ ఏది చేయించుకోవాలో తేల్చుకోవడం ఎలా

నెల్లూరు పొగతోటలో ఒక చర్మం డాక్టరు గారి దగ్గర ప్రొసీజర్ గదిలో నర్సుగా పని చేస్తున్నాను. కావలి నుంచి వచ్చినా కనిగిరి నుంచి వచ్చినా అడిగేవి అవే. "పెళ్లి పదిహేను రోజుల్లో ఉంది మేడం, లేజర్ పెట్టించుకుంటే సరిపోతుందా?" "పీల్ అంటే తోలు వలిచేస్తారంట, నిజమేనా?" "మా ఆడబిడ్డకు చేసిందే నాకూ చేయండి." ఓపీ రద్దీలో ఒక్కొక్కరికీ నిలబడి చెప్పడం కుదరదు. అందుకే వరసగా రాసి పెడుతున్నాను.

ఈ చికిత్సలన్నీ చేసే పని ఒక్కటే. పీల్ అయితే ఆమ్లం పూసి, లేజర్ అయితే కాంతితో, సూదులైతే గుచ్చి, చర్మానికి కావాలని, లెక్క ప్రకారం చిన్న గాయం చేస్తారు. అది మానేటప్పుడు కొత్త చర్మం వస్తుంది. ఎంత లోతుకు గాయం చేస్తారన్నదే అసలు తేడా. మన చామనఛాయ, నల్ల చర్మాలకు ఏ గాయం మానినా నల్లమచ్చ మిగిలే గుణం ఉంది. దోమ కుట్టి గోకిన చోట కూడా నెలల తరబడి మచ్చ ఉండిపోవడం మీరు చూసే ఉంటారు. కాబట్టి మీ సమస్య ఎంత లోతులో ఉందో చూసుకుని, అంతవరకే వెళ్లే పద్ధతిని ఎంచుకోవాలి. ఎక్కువ లోతుకు వెళ్తే ఎక్కువ ఫలితం అనుకుని వచ్చేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- చేతి అద్దం, ఒక టార్చి, ఫోన్ కెమెరా
- ఇప్పటిదాకా ముఖానికి రాసిన ప్రతి క్రీమ్ ట్యూబు, ఖాళీదైనా సరే
- వాడుతున్న మాత్రల చీటీలు. ముఖ్యంగా మొటిమల మాత్ర ఐసోట్రెటినాయిన్, గర్భనిరోధక మాత్రలు, రక్తం పల్చబరిచే మాత్రలు, షుగర్ మాత్రలు
- ఎస్‌పీఎఫ్ 30 గానీ 50 గానీ ఉన్న సన్‌స్క్రీన్, గొడుగు, వెడల్పు అంచు టోపీ
- సువాసన లేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పెట్రోలియం జెల్లీ
- మూడు నుంచి ఆరు నెలల ఓపిక. ఇది లేకపోతే మిగతావి కొనకండి, డబ్బులు దండగ.

1. ముందు మీ సమస్య ఏదో తేల్చుకోండి

పొద్దున ముఖం కడుక్కుని తడి ఆరనివ్వండి. కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుని అద్దంలో చూడండి. ఎదురు వెలుతురులో గుంటలు కనపడవు. తర్వాత గది చీకటి చేసి, చెవి పక్కనుంచి చెంప మీదికి టార్చి వేయండి. ఎక్కడ నీడ పడిందో అక్కడ గుంట ఉంది. నీడ లేకుండా రంగు మాత్రమే ఉంటే అది మచ్చ. చాలామంది "గుంటలున్నాయి" అని వస్తారు, టార్చి వేస్తే ఒక్క నీడా పడదు. వాళ్లకు లేజర్ అక్కర్లేదు.

రంగు సమస్యల్లో రెండు ముఖ్యం. మొటిమ మానిన చోట చుక్కల్లా మిగిలేవి ఒక రకం. రెండు చెంపల మీద, నుదుటి మీద, పై పెదవి మీద ఇటూ అటూ ఒకేలా పరుచుకున్న గోధుమరంగు రెండో రకం, అది మంగు. ఈ రెంటికీ దారులు వేరు.

గుంటల్లో మూడు రకాలు. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండేవి ఒకటి. ఆటలమ్మ పోసి మానిన చోట ఉన్నట్టు అంచులు నిటారుగా, అడుగు వెడల్పుగా ఉండేవి రెండోది. అంచులు లేకుండా చర్మమే ఎగుడుదిగుడుగా కుంగినట్టు ఉండేవి మూడోది. చెంపను రెండు వేళ్లతో మెల్లగా లాగి పట్టుకోండి. సాగదీస్తే మాయమయ్యేవి మూడో రకం. ఎంత లాగినా కనిపించేవి మొదటి రెండు. ఒకే ముఖంలో మూడూ ఉండటం మామూలే, అందుకే చాలామందికి ఒక్క పద్ధతితో పని జరగదు.

*ఇవి ఉంటే పీల్, లేజర్ సంగతి పక్కన పెట్టి ముందు పరీక్ష చేయించుకోండి:* గిల్లినా స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ (కుష్టు కావచ్చు, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది), రంగూ ఆకారమూ మారుతున్న పుట్టుమచ్చ, వారాల తరబడి మానని పుండు. మెడ చుట్టూ మందంగా నల్లబడి ఉంటే అది మురికి కాదు, తోమితే పోదు. బరువూ షుగరూ చూపించుకోవాలి.

2. ముఖానికి రాస్తున్న క్రీమ్ ఏమిటో చూడండి

నేనైతే అన్నిటికంటే దీనికే ఎక్కువ టైమ్ పెడతాను. మెడికల్ షాపులో "తెల్లబడటానికి ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్న ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లు ఏవైనా కనిపిస్తున్నాయా చూడండి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా అడిగితే చేతిలో పెడుతూనే ఉన్నారు.

మొదటి వారాల్లో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పల్చబడుతుంది, ఎండలోకి వెళ్తే మంట, సన్నటి ఎర్ర నరాలు, చెంపల మీద నూగు, కొత్తగా మొటిమలు. క్రీమ్ మానేసిన మూడో నాలుగో రోజుకు ముఖం ఎర్రగా ఉబ్బి మండుతుంది, దాంతో భయపడి మళ్లీ రాస్తారు. ఇలా పల్చబడిన చర్మం మీద పీల్ పెడితే మామూలు వాళ్లకు పొట్టు లేచే చోట వీళ్లకు పుండు పడుతుంది.

మీ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటే మీరంతట మీరు ఒక్కసారిగా ఆపేయకుండా డాక్టరుకు చూపించి ఆపండి. చర్మం కుదుటపడటానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఏ పీలూ వద్దు, ఎవరు డిస్కౌంట్ ఇచ్చినా వద్దు.

3. ఏ పద్ధతి ఎంత లోతుకు వెళ్తుందో తెలుసుకోండి

ఒక్కొక్కటిగా చెబుతున్నాను.

*మైక్రోడెర్మాబ్రేషన్, హైడ్రాఫేషియల్.* వజ్రపు పొడి అతికిన మొనతోనో నీళ్ల ఒత్తిడితోనో పైపై మృతకణాలను తీస్తారు. ముఖం రెండు మూడు వారాలు నున్నగా ఉంటుంది. గుంటలకు పనికిరాదు. ఫంక్షన్‌కు ముందు తాజాగా కనిపించాలంటే చాలు. దీన్నే "స్కార్ ట్రీట్‌మెంట్" పేరుతో ప్యాకేజీ కట్టి అమ్మితే లేచి వచ్చేయండి.

*పైపై కెమికల్ పీల్స్.* మొటిమల మచ్చలు, జిడ్డు, గరుకు ఉన్నవాళ్లకు మొదట ఆలోచించాల్సింది ఇదే. సాలిసిలిక్ పీల్ 20 నుంచి 30 శాతం వాడతారు. ఇది జిడ్డులోకి దిగుతుంది కాబట్టి మొటిమలు ఉన్నవాళ్లకు బాగుంటుంది. పెట్టిన కొద్ది నిమిషాల్లో ముఖం మీద తెల్లగా పొడి అద్దినట్టు కనిపిస్తుంది. అది ఆరిన మందు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, కంగారు పడొద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లకు, గర్భిణులకు ఇది పెట్టకూడదు.

గ్లైకాలిక్ పీల్ వేరు. అది దానంతట అది ఆగదు. డాక్టరు టైమ్ చూసుకుని, సోడా కలిపిన నీళ్లతోనో చల్లటి నీళ్లతోనో ఆపాలి. 30 శాతం, 50 శాతం, 70 శాతం అని పెరిగే కొద్దీ నిమిషం తేడా కూడా పెద్ద తేడానే. గ్లైకాలిక్ పెట్టి ఫోన్‌లో మాట్లాడుతూ తిరిగేవాళ్ల చేతికి ముఖం ఇవ్వకండి. చర్మం సున్నితమైతే లాక్టిక్, మాండెలిక్ పీల్స్ మెత్తగా పనిచేస్తాయి. మొదటిసారి చేయించుకునే నల్ల చర్మం వాళ్లకు నేను అడగమని చెప్పేవి అవే.

*మధ్యస్థ, లోతు పీల్స్.* టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం) పీల్ పెట్టినప్పుడు తెల్లబడితే అది పొడి కాదు, చర్మంలోని మాంసకృత్తులు గడ్డకట్టడం, తుడిస్తే పోదు. 35 శాతం దాటిన టీసీఏను ముఖమంతా పూయడం మన చర్మానికి ప్రమాదం. నల్లమచ్చలే కాదు, శాశ్వతంగా గాయపు మచ్చ కూడా పడవచ్చు. ఫినాల్ పీల్ అయితే గుండె లయను కూడా దెబ్బతీయగలదు, గుండె మానిటర్ పెట్టుకుని చేయాల్సింది. మన రంగు చర్మానికి దాని జోలికి పోకపోవడమే మేలు. ఒక్క మినహాయింపు ఉంది. సూది గుంటల్లో, గుంట అడుగున మాత్రమే, సన్నటి పుల్లతో గాఢమైన టీసీఏ చుక్క పెట్టే పద్ధతిని టీసీఏ క్రాస్ అంటారు. చెయ్యి తిరిగిన డాక్టరు చేస్తే ఆ రకం గుంటలకు బాగా పనికొస్తుంది.

*సబ్‌సిషన్.* సాగదీస్తే మాయమయ్యే కుంగుళ్లకు ఇది. చర్మం కింద పట్టుకుని కిందికి లాగుతున్న పోగులను సూదితో తెంపుతారు. వారం పది రోజులు కమిలినట్టు ఉంటుంది. లేజర్ పెద్ద పేరు కాబట్టి అందరూ దాన్నే అడుగుతారు గానీ, ఈ రకం గుంటకు కింద కట్టు తెంపకుండా పైన ఎన్ని లేజర్లు పెట్టినా లాభం తక్కువ.

*మైక్రోనీడ్లింగ్.* సన్నటి సూదులతో చర్మంలో వందల రంధ్రాలు చేస్తారు. మొటిమల గుంటలకు సాధారణంగా 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల లోతు. వేడి ఉండదు కాబట్టి నల్లబడే ప్రమాదం లేజర్ కంటే తక్కువ. ఎరుపు రెండు మూడు రోజులు ఉంటుంది. సూదుల మొనల నుంచి రేడియో తరంగాల వేడి కూడా పంపేదాన్ని ఎంఎన్‌ఆర్ఎఫ్ అంటున్నారు. ఖర్చు ఎక్కువ, వెడల్పు గుంటలకు ఫలితం మెరుగు. నన్నడిగితే మన జిల్లాల ఎండకు, మన రంగుకు, గుంటలున్న ఎక్కువమందికి మొదలు పెట్టాల్సింది సూదులతోనే.

*ఫ్రాక్షనల్ లేజర్.* కార్బన్ డయాక్సైడ్ లేజర్, దాన్నే సీవోటూ అంటారు, 10,600 నానోమీటర్ల కాంతి. ఎర్బియం యాగ్ 2,940. రెండూ చర్మంలోని నీటిని వేడెక్కించి ఆవిరి చేస్తాయి. పాత రోజుల్లో ముఖమంతా ఒక పొర తీసేసేవారు. మానడానికి వారాలు పట్టేది, నల్ల చర్మం మీద మచ్చలు మిగిలేవి. 2004 నుంచి వచ్చిన ఫ్రాక్షనల్ పద్ధతిలో వరి నాట్లలో బాటలు వదిలినట్టు మధ్య మధ్య మంచి చర్మాన్ని వదిలేస్తారు. ఆ వదిలిన చర్మం నుంచే పక్కనున్న గాయం త్వరగా పూడుతుంది. చేసేటప్పుడు వెంట్రుక కాలిన వాసన వస్తుంది, అది మామూలే. ఐదు నుంచి ఏడు రోజులు ముఖం మీద ఇసుక అంటినట్టు నల్లటి చుక్కల పెచ్చులు ఉంటాయి. వెడల్పు గుంటలకు మంచి పద్ధతి. కానీ నల్లబడే ప్రమాదం సూదుల కంటే దీనికి ఎక్కువ.

"లేజర్ టోనింగ్", "కార్బన్ పీల్", "హాలీవుడ్ పీల్" అని బోర్డుల మీద రాసేవి ఈ కోవలోకి రావు. అవి రంగు మీద పనిచేసే వేరే లేజర్, గుంట పూడ్చవు. మంగు ఉన్నవాళ్లు ఎవరైనా లేజర్ మాట ఎత్తగానే ఒప్పుకోకండి. లేజర్ పెడితే చాలామందికి మంగు కొన్నాళ్లు తగ్గి మళ్లీ ఎక్కువగా వస్తుంది. మంగుకు ముందు సన్‌స్క్రీన్, డాక్టరు రాసిన క్రీమ్. పొయ్యి దగ్గర గంటల తరబడి నిలబడే వేడి, గర్భనిరోధక మాత్రలు కూడా మంగును పెంచుతాయి. ఈ రెంటి సంగతీ డాక్టరుకు చెప్పండి.

4. ఎవరి దగ్గర చేయించుకోవాలి

బోర్డు మీద ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీవీడీ, డీఎన్‌బీ లాంటి చర్మ వైద్యపు చదువు ఉందా చూడండి. "కాస్మెటాలజిస్ట్" అన్న మాట ఒక్కటే ఉంటే అది కొన్ని వారాల కోర్సు కావచ్చు. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతుక్కోవచ్చు. అడిగితే మొహం చిట్లించే చోట కూర్చోకండి.

అక్కడ ఈ ప్రశ్నలు వేయండి. పీల్ అయితే ఏ ఆమ్లం, ఎంత శాతం? లేజర్ అయితే ఏ లేజర్? చేసేది డాక్టరా, టెక్నీషియనా? దవడ కింద చిన్న చోట ముందు పరీక్షించి చూస్తారా? రేటు ఒక సిట్టింగ్‌కా మొత్తానికా, మందులు అందులో కలిసాయా?

చెన్నై దగ్గరే కదా అని నెల్లూరు, సూళ్లూరుపేట వాళ్లు అక్కడికి పోతారు. పోవచ్చు. కానీ మూడో రోజు ముఖం ఉబ్బితే మళ్లీ రైలెక్కగలరా అని ఆలోచించుకోండి. చేసినవాళ్లకు చూపించుకునే దూరంలో ఉండటం మంచిది.

*డబ్బు ఇబ్బందైతే:* నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో చర్మ విభాగం ఓపీ ఉంది. అన్ని లేజర్లూ దొరుకుతాయని వెళ్లకండి. సమస్యకు పేరు పెట్టించుకుని సరైన క్రీమ్ రాయించుకోవడానికి వెళ్లండి. రంగు మచ్చలకు సన్‌స్క్రీన్, అడాపలీన్ లేదా అజెలాయిక్ ఆసిడ్ క్రీమ్ నాలుగు నెలలు డాక్టరు చెప్పినట్టు వాడితే పీల్ అవసరమే రానివాళ్లు ఎందరో.

5. తేదీ పెట్టుకోండి

పెళ్లికైనా గృహప్రవేశానికైనా లెక్క వెనక్కి వేయండి. పైపై పీల్ అయితే చివరిది నెల ముందే అయిపోవాలి. సూదులూ లేజరూ అయితే కనీసం మూడు నెలలు. ముఖానికి ఎప్పుడూ ఏదీ చేయించుకోనివాళ్లు ఆఖరి నెలలో మొదలు పెట్టకూడదు.

కాలం కూడా చూడండి. కార్తీకం నుంచి మాఘం దాకా మబ్బు, చలి ఉంటాయి కాబట్టి లేజర్‌కు అనుకూలం. రోహిణి కార్తె ఎండలో లేజర్ చేయించుకుని స్కూటీ మీద కందుకూరు పోతానంటే ఆ లేజర్ నల్లమచ్చలు కొనుక్కోవడానికే. రొయ్యల గుంటల దగ్గర, మిరప చేలల్లో, చీమకుర్తి క్వారీల్లో పని చేస్తూ రెండు వారాలు ఎండకు దూరంగా ఉండలేనివాళ్లు లోతు పద్ధతులు అసలు పెట్టుకోవద్దు. క్రీములు, మెత్తటి పీల్స్ దగ్గరే ఆగండి. ఇది డబ్బున్నవాళ్లకే అని చెప్పడం కాదు, ఎండ ఎవరినీ వదలదు కాబట్టి చెబుతున్నాను.

6. ముందు రెండు నుంచి నాలుగు వారాలు

1. రోజూ సన్‌స్క్రీన్. చూపుడు వేలు, మధ్య వేలు రెంటి పొడవునా గీత గీసినంత ముఖానికీ మెడకూ. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ. బఠాణీ గింజంత రాసి "నాకు సన్‌స్క్రీన్ పనిచేయలేదు" అంటుంటారు.
2. కొత్త మొటిమలు ఆగేదాకా గుంటల పని మొదలు పెట్టకండి. ఒకవైపు పూడుస్తుంటే ఇంకోవైపు కొత్త గుంటలు పడతాయి.
3. డాక్టరు ముందస్తు క్రీమ్ రాస్తే అది నల్లబడకుండా ఆపడానికే. మానేయకండి. రెటినాయిడ్ క్రీమ్ (అడాపలీన్ లాంటిది) మాత్రం పీల్‌కు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడిగి ఆపండి.
4. వారం ముందు నుంచి బ్లీచ్, వ్యాక్స్, థ్రెడింగ్, స్క్రబ్ వద్దు. గరుకు గుడ్డతో రుద్దడం కూడా స్క్రబ్బే.
5. పెదవి పక్కన పదేపదే నీటి పొక్కులు వచ్చే గుణం ఉంటే చెప్పండి. లేజర్‌కు ముందు మాత్ర ఇస్తారు. చెప్పకపోతే ముఖమంతా పాకవచ్చు.
6. చెవి కుట్టిన చోటో టీకా వేసిన చోటో గడ్డలా పెరిగిందా? కెలాయిడ్ గుణం. చెప్పి తీరాలి.
7. ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే దాచకండి. ఆపి ఆరు నెలలైతేనే ఏదైనా చేయాలని ఒకప్పుడు అనేవారు. ఇప్పుడు పైపై పీల్స్, సూదులు, ఫ్రాక్షనల్ లేజర్‌ల విషయంలో ఆ గడువును అంత పట్టుకోవడం లేదు, ముఖమంతా అరగదీసే పద్ధతులకు మాత్రం జాగ్రత్త అలాగే ఉంది. మీ సంగతి డాక్టరు తేలుస్తారు.

7. ఆ రోజు

మేకప్, నూనె లేకుండా రండి. మొదలు పెట్టే ముందు ఫొటో తీయించుకోండి, మీ ఫోన్‌లో కూడా. మత్తు క్రీమ్ రాశాక 45 నిమిషాల నుంచి గంట దాకా కూర్చోవాలి. లేజర్ గదిలో కళ్లకు కవచం పెట్టకుండా మొదలు పెడితే ఆపమనండి, మొహమాటం వద్దు. సూదుల తలను మీ ఎదుటే కొత్త ప్యాకెట్ చించి తీయాలి. "మీదే, పోయినసారిది దాచాం" అంటే ఒప్పుకోకండి.

పీల్ మంట ఉంటుంది, ఫ్యాన్ గాలికి తట్టుకునేలా ఉంటుంది. ఒక్క చోట మాత్రం పొడుస్తున్నట్టు మండితే ఓర్చుకోకుండా వెంటనే చెప్పండి. మనవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఓర్చుకోవడం అలవాటు. ఈ గదిలో ఆ అలవాటు పనికిరాదు.

8. ఇంటికి వచ్చాక

మొదటి రోజు చల్లటి నీళ్లతో కడిగి, తుడవకుండా అద్దుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో లేజర్ తర్వాత నాలుగైదు రోజులు కాచి చల్లార్చిన క్యాన్ నీళ్లు వాడుకోండి. తర్వాత పెట్రోలియం జెల్లీ గానీ డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంట్ గానీ పల్చగా. చర్మం తడిగా ఉంటేనే త్వరగా మానుతుంది. "గాలి తగిలితే ఆరుతుంది" అన్న మాట వినకండి.

పీల్ అయితే మూడో రోజు నుంచి నోటి చుట్టూ, ముక్కు పక్కన పొట్టు లేస్తుంది. లేవకపోయినా పని జరిగినట్టే. లేచిన పొట్టును గోటితో లాగితే కింద పచ్చి చర్మం బయటపడి అక్కడే నల్లమచ్చ. చిన్న కత్తెరతో వేలాడే ముక్క కత్తిరించండి, లాగొద్దు. లేజర్ పెచ్చులు వాటంతట అవి రాలాలి.

పసుపు, కలబంద, గంధం, టూత్‌పేస్ట్, అత్తగారి ఆకు పసరు ఏవీ వద్దు. నిమ్మకాయ అసలే వద్దు. పొదలకూరు నిమ్మకాయ పులిహోరకు బాగుంటుంది. ముఖానికి రాసి ఎండలోకి వెళ్తే కాలిన మచ్చలు పడతాయి, మామూలు చర్మానికే.

పెచ్చులు రాలిన మరుసటి రోజు నుంచి సన్‌స్క్రీన్ మళ్లీ మొదలు. అంతవరకు గొడుగే. రెండు వారాలు తిరునాళ్లు, మైపాడు బీచ్, కొత్తపట్నం బీచ్ మానుకోండి.

*ఇవి కనిపిస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు:* రెండో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం, చీము, జ్వరం, గుంపుగా నీటి పొక్కులు, ఒక చోట మాత్రం ఎరుపు పోకుండా గట్టిపడటం. ఆ గట్టిపడటాన్ని మొదట్లో పట్టుకుంటే గడ్డ మచ్చ కాకుండా ఆపవచ్చు.

రెండు నుంచి నాలుగు వారాల మధ్య ముఖం నల్లబడటం మొదలైతే కుంగిపోకండి. అది గాయం తర్వాత వచ్చే రంగు. ఎండ తగలకుండా, డాక్టరు క్రీమ్‌తో నెలల్లో తగ్గుతుంది. నల్లబడిందని హడావిడిగా ఇంకో పీల్ పెట్టించుకోవడమే పెద్ద పొరపాటు. నల్లబడటం తగ్గేదాకా ఏదీ వద్దు.

ఇంట్లో చేసుకుంటే కుదరదా?

ఆన్‌లైన్‌లో 30 శాతం పీల్ సీసాలు, డెర్మారోలర్లు దొరుకుతున్నాయి. ఇంట్లో వాడే రోలర్ సూదులు 0.5 మిల్లీమీటర్ లోపే, గుంట దాకా వెళ్లవు. పొడుగు సూదులవి కొంటే శుభ్రత లేక చీము పడుతుంది. అక్కాచెల్లెళ్లు ఒకే రోలర్ వాడటం రక్తం ద్వారా జబ్బులు పంచుకోవడమే. ఇంట్లో చేయగలిగింది కావాలంటే 2 శాతం సాలిసిలిక్ ఫేస్‌వాష్, రాత్రి అడాపలీన్ క్రీమ్ (గర్భిణులకు వద్దు), పగలు సన్‌స్క్రీన్. తక్కువగా అనిపిస్తుంది, కానీ దీన్ని సరిగ్గా చేసేవాళ్లు తక్కువ.

9. ఫలితం ఎలా చూడాలి

ఫోన్ కెమెరాలో బ్యూటీ మోడ్ ఆపేయండి. చాలా ఫోన్లలో అది కొనేటప్పటి నుంచే ఆన్‌లో ఉంటుంది, నున్నటి ముఖం చూపించి మోసం చేస్తుంది. అదే కిటికీ, అదే గంట, అదే దూరం, ఫ్లాష్ లేకుండా. ఎడమ, కుడి, ఎదురు మూడు ఫొటోలు. టార్చి పరీక్ష కూడా అదే పక్క నుంచి.

రంగు మచ్చలకు పీల్స్ రెండు నుంచి నాలుగు వారాలకోసారి పెడతారు, తేడా మూడో నాలుగో సిట్టింగ్‌కు తెలుస్తుంది. గుంటలకు సిట్టింగ్‌ల మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఉంటాయి, లోపల కొత్త కొల్లాజెన్ (చర్మాన్ని నిలబెట్టే పోగులు) పేరుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు. సూదులు పెట్టిన మరుసటి వారం ముఖం నిండుగా కనిపిస్తే అది వాపు, ఫలితం అనుకోకండి. గుంట పూర్తిగా పూడుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. నీడ పల్చబడిందా, మేకప్ గుంటలో నిలవడం తగ్గిందా, ఇవే చూసుకోవాల్సినవి.

మూడు సిట్టింగ్‌ల తర్వాత కూడా ఫొటోల్లో ఏ తేడా లేకపోతే మిగతా ప్యాకేజీ డబ్బు కట్టే ముందు ఫొటోలు పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. గుంట రకం తప్పుగా అంచనా వేశారా, సబ్‌సిషన్ కావాల్సిన చోట లేజర్ చేశారా, సన్‌స్క్రీన్ మీరే మానేశారా అన్నది అక్కడే తేలుతుంది. తేల్చి చెప్పలేకపోతే ఆ ఫొటోలు, వాడిన మందుల చీటీలు తీసుకుని ఇంకో చర్మం డాక్టరుకు చూపించుకోండి.